పదకొండో సూది

పోయిన వస్తువుల గది, బస్సు డిపో
మార్చి 3

అక్కకి నమస్కారాలు.

ఫోన్ పీకేయించుకున్న మనిషికి కబురు చెప్పాలంటే ఇలా కాగితం మీద పడక తప్పదు. నా మెడ కుడి వైపుకి తిరగడం మానేసి నెల దాటింది. ఎడమకి తిరుగుతుంది, పైకి లేస్తుంది, మేనేజరు ముందు బుద్ధిగా కిందికి వంగుతుంది. కుడికి మాత్రం రానంటుంది. కుడి అద్దం చూడలేని డ్రైవర్‌కి బస్సు ఎవరిస్తారు? ఇరవై రెండేళ్ళు స్టీరింగ్ పట్టినవాణ్ణి తెచ్చి పోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. నలభై గొడుగులకి, పదిహేను ఒంటి చెప్పులకి, ఒక కట్టుడు పళ్ళ సెట్టుకి నేను కాపలా. పళ్ళు బస్సులో వదిలేసి దిగిన మహానుభావుడు రెండు నెలలైనా వాటి కోసం రాలేదు. ఏం తిని బతుకుతున్నాడో.

జూన్‌లో మళ్ళీ వైద్య పరీక్ష ఉంది. అందులో మెడ తిరగకపోతే ఈ గదే నాకు శాశ్వతం. ఎముకల డాక్టరు పట్టీ ఇచ్చాడు, మాత్రలు ఇచ్చాడు. పట్టీ వల్ల దురద, మాత్రల వల్ల కడుపులో మంట వచ్చాయి. మెడ మాత్రం ఉన్నచోటే ఉంది. ఇక్కడ చైనా వైద్యం చేసే ఒకావిడ ఉంది, ఒళ్ళంతా సూదులు గుచ్చుతుందట. నీ మరదలు నన్నడక్కుండా వెళ్ళి నా పేరు రాయించి వచ్చింది. నాకూ నమ్మకం లేదు. కానీ ఈ గొడుగుల మధ్య కూర్చుంటే దేన్నైనా నమ్మాలనిపిస్తోంది.

నువ్వు తిడతావని తెలుసు. కానివ్వు.

నీ తమ్ముడు

---

మేడ మీది నా గది
మార్చి 9

ఒరే మొద్దూ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నేను నవ్వి చాలాకాలమైంది, ఆ మేరకు నీకు రుణపడ్డాను.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా నిలబడ్డాను. మనుషుల్ని తెరిచి లోపలేముందో కళ్ళారా చూశాను. పేగులు చూశాను, నరాలు చూశాను, ఒకాయన కడుపులో పెళ్ళాం మీద కోపంతో మింగిన బీరువా తాళంచెవి చూశాను. ఈ సూదులవాళ్ళు చెప్పే ప్రాణశక్తి పారే కాలవలు మాత్రం ఎక్కడా తగల్లేదు. మేం కత్తి పట్టుకోగానే అవి సిగ్గుపడి పక్కకి తప్పుకునేవేమో మరి. రెండు వేల ఏళ్ళ నాటి వైద్యం అని కూడా చెప్తారు. అయితే ఏమిటి? దగ్గు అంతకన్నా పాతది, దాన్నెవరూ నెత్తిన పెట్టుకోరు.

అక్కడేం జరుగుతుందో ఇక్కడి నుంచే చెప్తాను విను. నాలుక చూపించమంటుంది. రెండు చేతుల నాడీ పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. కాలేయంలో వేడి ఎక్కువైందనో, మూత్రపిండంలో చలి చేరిందనో వాతావరణ వార్తలు చదువుతుంది. నువ్వు నోరు తెరుచుకుని వింటావు. నీ చెవిలో పువ్వులు పెట్టడం చిన్నప్పటి నుంచీ సులువే.

అయినా వెళ్తావు, నాకు తెలుసు. కాబట్టి కొన్ని మాటలు గుర్తుపెట్టుకో. సూదుల కవరు నీ కళ్ళముందే చింపాలి. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదు. వీపు పైభాగంలో లోతుగా గుచ్చనివ్వకు, దాని కింద ఊపిరితిత్తి ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎన్ని లోపలికి వెళ్ళాయో లెక్కపెట్టు, ఎన్ని బయటికి వచ్చాయో లెక్కపెట్టు. ఆమె లెక్కని నమ్మకు. ఎవరి లెక్కనీ నమ్మకు.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. రొట్టె కొనడానికి మూడు వీధులు దాటి వెళ్ళి వచ్చేసరికి ప్రాణం పోయినంత పనవుతోంది.

అక్క

---

పోయిన వస్తువుల గది, బస్సు డిపో
మార్చి 24

అక్కకి,

వెళ్ళొచ్చాను. ఇస్త్రీ దుకాణం మీద చిన్న మేడ. మూడు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ పరదాలు. కింది నుంచి ఆవిరి వాసన. ఆవిడకి యాభై ఉంటాయి, మెళ్ళో తాడుకి కళ్ళజోడు వేలాడుతూ ఉంటుంది. నేను సూదమ్మ అని పేరు పెట్టాను.

నాలుక చూపించమంది. నీ మాటలు గుర్తొచ్చి, నాలుక బయట పెట్టుకునే నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మూడేసి వేళ్ళతో రెండు చేతుల నాడీ చూసింది, కళ్ళు కూడా మూసుకుంది. అంతవరకూ నువ్వే గెలిచావు. అయితే దానికి ముందు అరగంట ప్రశ్నలడిగింది. ఏ పక్కకి తిరిగి పడుకుంటాను, బస్సులో కిటికీ గాలి ఎటు నుంచి కొడుతుంది, చేతుల్లో తిమ్మిరి ఉందా, నెత్తురు పలచబడే మాత్రలు వేసుకుంటున్నానా అని. చివర్లో, "చూడండి, ఇదేం మహిమ కాదు. ఆరుసార్లు రండి. తేడా తెలియకపోతే ఏడోసారి రావద్దు. డాక్టరిచ్చిన మందులు మాత్రం నామాట మీద మానకండి" అంది. ఖాళీ కడుపుతో రావద్దట, కళ్ళు తిరుగుతాయట. గుచ్చినచోట చిన్న నీలిమచ్చ రావచ్చట.

సూది వెంట్రుకంత ఉంది. సన్నటి గొట్టంలో పెట్టి వేలితో తడుతుంది. చీమ కుట్టినంత, అంతే. కాసేపటికి అక్కడ బరువుగా, లాగుతున్నట్టు అవుతుంది. అలా రావాలట. బొటనవేలి పక్కన ఒకటి, చీలమండ పక్కన ఒకటి గుచ్చింది. "మెడ నొప్పికి కాల్లో సూదేమిటండీ?" అంటే, "మీ బస్సు ఇంజను వెనకుంటే తాళం ముందు పెట్టరా?" అంది. డ్రైవర్లందరికీ ఇదే చెప్తుందేమో. ఇరవై అయిదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. తొమ్మిది వెళ్ళాయి, తొమ్మిది వచ్చాయి. నీ ఆజ్ఞ ప్రకారం పైకే లెక్కపెట్టాను, ఆవిడ ఏమీ అనలేదు.

పరదా అవతల ఒకామె వినపడింది. ఏదో ఆపరేషన్ అయినప్పటి నుంచీ కడుపులో లాగుతోందట, డాక్టర్లు గ్యాస్ అని పంపేస్తున్నారట. సూదమ్మ ఆమెకి సూది వేయలేదు. "ముందు స్కాన్ తీయించుకోండి, ఆ తర్వాతే నా దగ్గరికి రండి" అని పంపేసింది. వచ్చిన బేరాన్ని వెనక్కి పంపడం చూస్తే వ్యాపారం తెలిసిన మనిషిలా లేదు.

తమ్ముడు

---

మేడ మీది నా గది
ఏప్రిల్ 1

తమ్ముడికి,

ప్రశ్నలడిగిందని మురిసిపోతున్నావు. జ్యోతిష్కుడు కూడా అడుగుతాడు. ఇంజను, తాళం జోకు చాలా చప్పగా ఉంది. చీలమండకీ మెడకీ మధ్య ఉన్న సంబంధం నీకు తెలిసినంతే ఆమెకీ తెలుసు, కాకపోతే ఆమె చెప్పగలదు, నువ్వు వినగలవు. ఇద్దరూ సరిపోయారు. ఆ "లాగడం" కండరం బిగుసుకోవడం తప్ప ఇంకేం కాదు. దానికి చైనా దాకా పోనవసరం లేదు.

ఆ పరదా అవతలి ఆమెది ఏ ఆసుపత్రి? ఏం ఆపరేషన్? ఎన్నేళ్ళయింది? స్కాన్‌లో ఏం కనబడిందో కనుక్కుని రాయి. వెంటనే రాయి.

అక్క

---

పోయిన వస్తువుల గది, బస్సు డిపో
ఏప్రిల్ 19

అక్కకి,

నీ ప్రశ్నలకి ముందు జవాబు. ఆమెది ఈ ఊరి ఆసుపత్రే, నువ్వు పనిచేసిన ఊరు కాదు. అపెండిక్స్. అయ్యి అయిదు నెలలు. స్కాన్‌లో మూత్రపిండంలో రాయి కనబడింది, ఆపరేషన్‌తో సంబంధం లేదు. చాలా? ఇప్పుడు నువ్వు చెప్పు. నా మెడ గురించి ఒక్క ప్రశ్న వేయలేదు, ముక్కూ మొహం తెలియని మనిషి కడుపు గురించి ఇన్ని వేశావు. ఎందుకు?

నాలుగుసార్లు అయింది. మెడ మూడు వేళ్ళ మేర కుడికి వస్తోంది. సూదుల వల్లనో, ఇరవై అయిదు నిమిషాలు ఎవరూ కేకెయ్యని చోట పడుకోవడం వల్లనో నాకు తెలీదు. సూదమ్మని అడిగితే, "నాకూ పూర్తిగా తెలీదు" అంది. వైద్యం చేసేవాళ్ళ నోట ఆ మాట వినడం నాకిదే మొదలు.

ఇంకోటి. మీ వీధి చివరే బేకరీ ఉంది కదా. నేను వచ్చినప్పుడు నీ కిటికీలోకి రొట్టె వాసన కొట్టేది. దాన్ని వదిలి ఎండలో మూడు వీధులు ఎందుకు నడుస్తున్నావు? అడిగితే అరుస్తావని నీ మరదలు రాయొద్దంది. రాసేశాను.

తమ్ముడు

---

మేడ మీది నా గది
ఏప్రిల్ 27

తమ్ముడికి,

నేను ఎక్కడ రొట్టె కొనుక్కుంటే నీకెందుకు? ఆ బేకరీ ఆవిడ నాకు పడదు. అంతకన్నా చెప్పేది లేదు.

నీ సూదమ్మ "నాకు తెలీదు" అనగానే కరిగిపోయావు. అది వినయం కాదురా, అందులో ఆరితేరినవాళ్ళ ఎత్తు. నేనొక మాట చెప్తాను, రాసిపెట్టుకో. ఏదో ఒకరోజు ఆమె తప్పు చేస్తుంది. అందరూ చేస్తారు. ఆరోజు ఆమె మొహం చూడు. "మీరే కదిలి ఉంటారు, మీరే సరిగ్గా లెక్కపెట్టి ఉండరు" అంటుంది. పట్టుబడేదాకా ఎవరూ ఒప్పుకోరు. పట్టుబడ్డాక కూడా సగమే ఒప్పుకుంటారు. తెల్లకోటు వేసుకున్నా, ఆకుపచ్చ పరదా కట్టినా మనిషి మనిషే. నాకు బాగా తెలుసు.

ఇకపై నీ మెడ సంగతి మాత్రం రాయి.

అక్క

---

పోయిన వస్తువుల గది, బస్సు డిపో
మే 11

అక్కకి,

నువ్వన్నట్టే జరిగింది. సగం.

మొన్న అయిదోసారి వెళ్ళాను. లెక్కపెట్టడం మొదలుపెట్టాను కానీ మధ్యలో నిద్ర పట్టేసింది. లేచేసరికి ఆవిడ సూదులు తీసేస్తోంది. లేచి, టోపీ పెట్టుకుని, డిపోకి వచ్చి నా గొడుగుల మధ్య కూర్చున్నాను. మూడు గంటలు గడిచాయి. భోజనాల వేళ తలుపు దగ్గర సూదమ్మ నిలబడి ఉంది. చెమటలు కారుతున్నాయి, మెళ్ళో కళ్ళజోడు అటూ ఇటూ ఊగుతోంది.

"ఏం పోయిందండీ?" అన్నాను. అలవాటు కదా, రిజిస్టరు కూడా తెరిచాను.

"సూది" అంది. "పదకొండు కవర్లు చింపాను. డబ్బాలో పదే ఉన్నాయి. గదంతా ఊడ్చాను, దుప్పటి దులిపాను. దొరకలేదు. మీ దగ్గరే ఉండాలి. టోపీ తియ్యండి."

పోయినదాన్ని వెతుక్కుంటూ ఈ గదికి జనం వస్తూనే ఉంటారు. అది నా నెత్తిమీదే ఉండటం మాత్రం ఇదే మొదటిసారి. మెడ వెనక, జుట్టులో, టోపీ కింద వంగిపోయి ఉంది. తీసేసి దూదితో అద్దింది. అప్పుడే మేనేజరు వచ్చి ఏమిటని అడిగాడు. ఆయన ముందే, "తప్పు నాదండీ. తీసేటప్పుడు లెక్క చూసుకోకుండా పంపేశాను. ఈయనకి ఏమైనా అయితే బాధ్యత నాది" అంది. నాకు తెలియనే తెలియదక్కా. నొప్పి కూడా లేదు. ఆవిడ రాకపోతే, రాత్రి దువ్వుకునేటప్పుడు కింద పడేది, నేను నీకు రాసేవాణ్ణి, నువ్వు పండగ చేసుకునేదానివి.

ముగ్గురు రోగుల్ని బయట కూర్చోబెట్టి, క్లినిక్‌కి తాళం వేసి, రెండు బస్సులు మారి వచ్చిందట. తిరిగి వెళ్తూ, "ఇకపై రమ్మని అడగను. వస్తే మాత్రం ఇద్దరం లెక్కపెడదాం" అంది.

ఆవిడ తప్పు చేసింది, నువ్వే గెలిచావు. కానీ నువ్వు చూడమన్న మొహం నేను చూడలేదు.

తమ్ముడు

---

మేడ మీది నా గది
మే 20

తమ్ముడూ,

నీ ఉత్తరానికి మూడు జవాబులు రాసి చింపేశాను. మూడింట్లోనూ ఆమెని బాగా తిట్టాను. సూది వదిలేసిన మొద్దు అన్నాను, నాటకం అన్నాను, నలుగురిలో మంచి పేరు కోసం పరిగెత్తుకొచ్చిందన్నాను. చదువుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అందుకని ఇది రాస్తున్నాను. కూర్చుని చదువు.

కడుపు ఆపరేషన్‌లో నెత్తురు అద్దడానికి గుడ్డలు పెడతాం, మాప్ అంటాం. పెట్టేముందు లెక్క, కుట్టేముందు లెక్క. ఆ లెక్క నాది. నాలుగేళ్ళ క్రితం ఒకామెకి గర్భసంచి తీశారు. ముప్పై లోపలికి వెళ్ళాయి. బయటికి ఇరవై తొమ్మిది వచ్చాయి. చెప్పాను. పెద్ద డాక్టరు, "మొదట్లోనే తప్పు లెక్కపెట్టి ఉంటావు. ఆమెకి బీపీ పడిపోతోంది, కుట్టేస్తున్నా" అన్నాడు. ఇంకోసారి చూడమని గట్టిగా అనాల్సింది. అనలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో నా లెక్క ఒక్కసారి తప్పలేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన కాగితం నా ముందుకి తోశాడు. ముప్పై అని రాసి సంతకం పెట్టాను.

ఆమె ఆరోరోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. నాలుగు నెలల తర్వాత నేను ఉద్యోగం మానేశాను. అలసిపోయానని మీ అందరికీ చెప్పాను. ఫోన్ మోగితే ఆమెకేదో అయిందన్న కబురే అనుకునేదాన్ని, అందుకే పీకేయించాను.

ఆమెది మా వీధి చివరి బేకరీ. ఇప్పుడు అర్థమైందా నేను రొట్టె కోసం ఎక్కడికి నడుస్తున్నానో. మొదటి ఏడు ఆ బేకరీ ముందు నుంచే వెళ్ళేదాన్ని. పొయ్యి దగ్గర నిలబడి కుడిచెయ్యి కడుపు పక్కన నొక్కుకునేది. అందరితో గ్యాస్ అని చెప్పేది. రెండో ఏడు నుంచి దారి మార్చాను.

ఆ మాప్‌లో ఎక్స్‌రేలో కనబడే దారం ఒకటి నేస్తారు. ఒక్క ఎక్స్‌రేతో తెలిసిపోయే సంగతి. తెలియకూడదనే నేను నాలుగేళ్ళు ఊరుకున్నాను. నీ సూదమ్మ మూడు గంటలు ఊరుకోలేకపోయింది. అది కూడా వెంట్రుకంత సూదికి.

నువ్వేమంటావో రాయి. అక్క కదా అని దాచకు.

అక్క

---

డిపో, రెండో నంబరు బస్సు దగ్గర
జూన్ 4

అక్కా,

నిన్న పరీక్ష గట్టెక్కాను. కుడి అద్దం కనబడుతోంది, బస్సు ఇచ్చారు. ఈ సంగతి ముందు రాయడం ఎందుకంటే, రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్ను తలుచుకుని సిగ్గుపడటం నాకు అలవాటు లేదు. మా అక్క లెక్క అంటే లెక్కే అని ఈ డిపో అంతా చెప్పుకుని తిరిగినవాణ్ణి. నీ ఉత్తరం నీ మరదలికి చూపించలేదు. నిన్ను ఓదారుస్తూ ఏదైనా రాయొచ్చు, డాక్టరే కాగితం తోశాడని, నువ్వేం చేయగలవని. అవన్నీ నువ్వు నాలుగేళ్ళుగా నీకు చెప్పుకున్నవే. నేను మళ్ళీ చెప్పను. నీకు ఎవరినైనా తిట్టడం బాగా వచ్చని తెలుసు, అందులో సగం నీ మీదేనని ఇప్పుడు తెలిసింది.

ఆమె ఇవాళ కూడా పొయ్యి ముందు నిలబడి ఉంటుంది. నీ జవాబు కోసం నేను ఎదురు చూడటం లేదు. నువ్వు ఆ వీధి చివరికి వెళ్ళు. ఒంటరిగా వెళ్ళలేనంటే ఒక ముక్క రాయి, సెలవు పెట్టి వస్తాను.

తమ్ముడు

---

ఆసుపత్రి వరండా, ఆపరేషన్ గది బయట బల్ల
జూన్ 22

తమ్ముడూ,

నువ్వు రానవసరం లేకపోయింది. నీ ఉత్తరం అందిన రోజే మధ్యాహ్నం వెళ్ళాను. బేకరీలో ఎవరూ లేరు. గుమ్మంలో నిలబడే చెప్పాను, మీ సూదమ్మ చెప్పినట్టే. ముందు తప్పు నాదని చెప్పి, ఆ తర్వాత ఏం తప్పో చెప్పాను. ఆమె చేతులకున్న పిండి తుడుచుకుంటూ విన్నది.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?" అంది.

"ఈ వీధిలోనే" అన్నాను.

అప్పుడు ఆమె నా వైపు చూసిన చూపుంది చూడు, నేను మీ సూదమ్మని కాగితం మీద చూసిన చూపే అది. తేడా ఏమిటంటే, ఆమెకి ఆ హక్కు ఉంది. బయటికి పొమ్మంది. వచ్చేశాను. మర్నాడు వాళ్ళమ్మాయి మేడ ఎక్కి వచ్చి, "మా అమ్మ ఎక్స్‌రేకి వెళ్తోంది. ఆ దారం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, వచ్చి చూపించమంది" అంది. వెళ్ళాను. ఫిల్ము వెలుతురుకి పెట్టగానే నాకు కనబడింది. సన్నటి తెల్లగీత, వంకర తిరిగి ఉంది. వేలితో చూపించాను.

పాత ఆసుపత్రికి అంతా రాసిచ్చాను. పెద్ద డాక్టరు నాకు మతి పోయిందంటున్నాడట. విచారణ జరుగుతుంది, నా నర్సు రిజిస్ట్రేషన్ తీసేస్తారు. తీసేయనీ.

ఆమె నన్ను క్షమించలేదు. ఆ మాట నేను అడగలేదు కూడా. ఇది వేరే ఆసుపత్రి, లోపలికి నన్ను రానివ్వరు. కానీ పొద్దున స్ట్రెచర్ మీద వెళ్తూ ఆమె కొత్త డాక్టర్‌తో, నాకు వినపడేలా, "కుట్టేముందు లెక్క ఆ బయట కూర్చున్నావిడకి చెప్పి మరీ కుట్టండి" అంది. అందుకే ఈ బల్ల మీద కూర్చుని నీకు రాస్తున్నాను. నీ సూదుల మీద నా అభిప్రాయం మారలేదు, ఒంట్లో కాలవలూ లేవు, గట్లూ లేవు. సూదమ్మకి మాత్రం నా నమస్కారం చెప్పు. ఎందుకని అడిగితే చెప్పకు.

ఇప్పుడే తలుపు తీసుకుని నర్సు వచ్చింది. చిన్న పిల్ల, మాస్కు పైన కళ్ళు మాత్రం కనబడ్డాయి. రెండు అంకెలు చెప్పింది. రెండోది మళ్ళీ చెప్పమన్నాను, చెప్పింది. లోపలికి వెళ్ళినవి ఇరవై. బయటికి వచ్చినవి ఇరవై ఒకటి.

అక్క